రెండో దొంగ

ఆ బడిలో ఆవిడని అందరూ దొంగల టీచర్ అంటారు. పిల్లలే కాదు, వాళ్ళ అమ్మానాన్నలూ అంటారు. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా కొత్తవాళ్ళకి దారి చెప్పేటప్పుడు "దొంగల టీచర్ గారి క్లాసా? మెట్లెక్కి ఎడం చేతివైపు" అంటాడు. అలా అన్నందుకు ఆవిడకేం కోపం రాదు. ఆ పేరు ఆవిడ కష్టపడి సంపాదించుకున్నది మరి.

సంగతేమిటంటే, ఆవిడ ఏడో తరగతికి లెక్కలు చెబుతుంది. బోర్డు నిండా లెక్కలు చేసుకుంటూ పోతుంది, పోతూ పోతూ ఎక్కడో ఒకచోట కావాలని ఒక తప్పు దూర్చేస్తుంది. ఆ తప్పు పేరు దొంగ. "లోపల దొంగ ఉన్నాడర్రా" అనడం ఆలస్యం, పిల్లలు కళ్ళల్లో వత్తులు వేసుకుని బోర్డంతా గాలిస్తారు. పట్టినవాళ్ళు లేచి "దొంగ దొరికాడు" అంటే చాలదు, వాడు ఎందుకు దొంగో కూడా చెప్పాలి. ఇంకో షరతు ఆవిడ తన మీద తానే పెట్టుకుంది. తను దాచిన దొంగ కాక రెండోవాడు ఎవడైనా బయటపడ్డాడనుకోండి, అంటే ఆవిడ నిజంగానే తప్పు చేసిందనుకోండి, ఆ తప్పు పట్టుకున్న పిల్లకి సుద్దముక్క ఇచ్చేసి వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలి. మిగతా పాఠం ఆ పిల్ల చెబుతుంది. ఎప్పుడో గానీ అలా జరగదు. జరిగిన రోజు మాత్రం పిల్లలు నేల మీద నడవరు. "నన్ను నమ్మకండర్రా, లెక్కని నమ్మండి" అనేది ఆవిడ, బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటూ.

ఇంత చక్కటి పద్ధతి ఎవరిదని ఇప్పుడు పై ఆఫీసులో ఎవర్నైనా అడిగి చూడండి. చిన్న సారుది అంటారు. అక్కడే ఆవిడకి కడుపు మండుతుంది.

చిన్న సారు అన్న పేరు పెట్టింది కూడా ఆవిడే. వాడు టీచర్ ట్రైనింగులో ఉన్నప్పుడు ఒక ఏడాదంతా ఆవిడ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి, ఇస్త్రీ లేని చొక్కా. "టీచర్, ఇదెందుకలా చేశారు? టీచర్, అదెందుకిలా చెప్పారు?" అంటూ చెవిలో జోరీగలా తిరిగేవాడు. మధ్యాహ్నం ఆవిడ డబ్బాలోంచే తినేవాడు. దొంగని ఎక్కడ దాచాలో, మరీ తేలిగ్గా దొరక్కుండా, అసలే దొరక్కుండా పోకుండా ఎలా దాచాలో, వాడికి అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. నేర్చుకున్నాడు. వెళ్ళాడు. బళ్ళో ఎన్నాళ్ళు చెప్పాడో ఏమో, పై ఆఫీసుకి ఎగిరిపోయాడు. ఓ రోజు బడికి ఒక పెట్టె వచ్చింది. అందులో నున్నటి పుస్తకం. అట్ట మీద తాటికాయంత అక్షరాలతో 'తప్పుతో మేలు - సరికొత్త బోధనా పద్ధతి' అని, కింద చిన్న సారు ఫోటో. ఇప్పుడు చొక్కాకి ఇస్త్రీ ఉంది. లోపల ఎంత వెతికినా ఆవిడ పేరు మాత్రం లేదు.

మార్పంటే ఆవిడకి పడదని అందరూ అంటారు గానీ, అది ఒట్టి మాట. ఆవిడ చూసినన్ని మార్పులు ఇంకెవరూ చూసి ఉండరు. ఒకసారి బెంచీలు వరసగా వద్దు, గుండ్రంగా వెయ్యమన్నారు. సగంమంది పిల్లలు బోర్డుకి వీపు పెట్టి కూర్చుని మెడలు పట్టేసుకున్నారు. మళ్ళీ ఓ సారు వచ్చి, గుండ్రంగా ఏమిటిది, వరసగా వెయ్యండి, ఇది కొత్త పద్ధతి అన్నాడు. రంగు అట్టలొచ్చాయి, పోయాయి. నవ్వు మొహాల పటాలొచ్చాయి, రోజూ పొద్దున్నే పిల్లలు ఎంత ఆనందంగా ఉన్నారో గుర్తు పెట్టమన్నారు, అవీ పోయాయి. ప్రతిదాన్నీ ఆవిడ చేసి చూసింది. పనికొచ్చింది ఉంచుకుంది, రానిది ఊడ్చి పారేసింది. మార్పు క్లాసులోంచి పుట్టాలి, పిల్ల మొహం చూస్తే పుట్టాలి అని ఆవిడ వాదన. పై ఆఫీసులో కుర్చీలో పుట్టి, పెట్టెలో ప్యాకయ్యి వచ్చేదాన్ని మార్పు అనరు, సామాను అంటారు.

ఈసారి సామాను బాగా పెద్దదే వచ్చింది. ఓ సెలవు రోజు చూసి నల్లబోర్డు గోడలోంచి పీకేశారు. సోమవారం ఆవిడ వచ్చేసరికి ఆ స్థానంలో నిగనిగలాడే తెర, చుట్టూ సిమెంటు పెచ్చులు. స్లయిడ్లన్నీ పైనుంచే తయారై వస్తాయి. ప్రతి పాఠానికీ ఒక తప్పు ముందే పెట్టి ఉంటుంది. దాని మీద పిల్లాడు వేలు పెడితే టింగుమని పాట, రంగు కాగితాలు కురిసినట్టు బొమ్మ, 'శభాష్' అని అక్షరాలు, వెంటనే తరవాతి స్లయిడు. ఎందుకు తప్పో చెప్పేంత వ్యవధి ఎక్కడిది? పైగా దాన్ని దొంగ అనకూడదట. పిల్లల మనసు నొచ్చుకుంటుందట. 'నేర్చుకునే అవకాశం' అనాలట. పాపం పిల్లలు వేలు పెట్టి "అవకాశం దొరికింది మేడమ్" అని చిలకల్లా పలికేవారు.

ఆ పద్ధతి ఎలా వాడాలో నేర్పడానికి శిక్షణ పెట్టారు. నేర్పేవాడు చిన్న సారు. నేర్చుకోవాల్సింది దొంగల టీచర్. వినండి, ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? తన ఆట తనకే నేర్పుతుంటే ఆవిడ ముందు వరసలో కూర్చుని పళ్ళు నూరుకుంది. చివరికి ఉండబట్టలేక లేచింది.

"రెండో దొంగ సంగతేమిటి సార్?" అని అడిగింది. సార్ అనాల్సి వచ్చినందుకే సగం ప్రాణం పోయింది.

చిన్న సారు నవ్వాడు. "రెండోది ఉండదు మేడమ్. స్లయిడ్లు మేం ముందే చూసి పంపిస్తాం కదా."

హాల్లో అందరూ నవ్వారు. ఆవిడ కూర్చుంది. ఆ నవ్వు ఆవిడ ఒంట్లో ముల్లులా దిగిపోయింది.

ఆ తరవాత వారంలో పెద్ద సారు, అంటే హెడ్మాస్టరు, తన గదిలోకి పిలిచి నీళ్ళు నమిలాడు. "మార్పుకి మీరు సిద్ధంగా లేరని రాశాడమ్మా మీ శిష్యుడు. కొత్త టర్ములో ఏడో తరగతి కొత్త టీచరమ్మాయికి ఇచ్చి, మిమ్మల్ని వనరుల కేంద్రానికి వెయ్యమని." వనరుల కేంద్రం అంటే ఏమిటనుకుంటున్నారు? మెట్ల కింద కొట్టు గది. విరిగిన గ్లోబులు, చెదలు తిన్న పటాలు. "ఇంకా ఖాయం కాలేదు లెండి. పై ఆఫీసు పెద్దావిడ స్వయంగా వచ్చి మీ క్లాసులోనే చిన్న సారు పాఠం చూస్తారు. ఆవిడకి నచ్చితే ఇది అన్ని బళ్ళకీ. నచ్చకపోతే అంతా మామూలే, మీ క్లాసు మీదే."

నచ్చకపోతే. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చింది ఆవిడ.

ఇంటి కింద భాగంలో భర్త దర్జీ కొట్టు నడుపుతాడు. నిదానస్తుడు. "వదిలెయ్యవే. వాడి పాపాన వాడే పోతాడు" అన్నాడు మిషను ఆపకుండానే.

"వాడంతట వాడు పోయేదాకా నేను బతికుండొద్దట్రా?" అంది అత్తగారు గుండీలు ఏరుతూ. ముసలావిడకి నడుం వంగింది గానీ కక్ష వంగలేదు. ఏనాడో కొళాయి దగ్గర తన బిందె పక్కకి నెట్టిన మనిషితో ఈనాటికీ మాట్లాడదు. "ఏమ్మా, నీ అన్నం తిని నీ క్లాసులోంచి నిన్నే గెంటుతుంటే చూస్తూ కూర్చుంటావా? వాడి పని పట్టు."

"ఎలా అత్తయ్యా?"

"ఎలాగో నాకేం తెలుసు? చదువుకున్నదానివి నువ్వు. సమయం వస్తుంది చూడు. వచ్చినప్పుడు మాత్రం మెతకపడకు."

సమయం రానే వచ్చింది. పెద్దావిడ రావడానికి ముందు రోజు సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక చిన్న సారు ఖాళీ క్లాసులో తెర వెలిగించి పాఠం సరిచూసుకుంటున్నాడు. ఆవిడ తన డబ్బా కోసం వచ్చింది. వాడు వెనక్కి తిరిగాడు. మొహంలో చెమట. పై ఆఫీసు పెద్దావిడంటే వాడికీ భయమే ఉన్నట్టుంది.

"టీచర్, ఒక్కసారి చూసిపెడతారా? మీ కన్ను పడితే నాకు ధైర్యం."

ఎన్నేళ్ళ తరవాతో టీచర్ అన్నాడు. ఆవిడ నిలబడి చూసింది. మొదటి స్లయిడు బాగానే ఉంది. రెండోదాంట్లో ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసుంది. అది పెట్టిన దొంగ, గుడ్డివాడైనా పట్టేస్తాడు. మూడోదాంట్లో ఒక బస్సు. ఊరికి గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్ళింది, అదే దారిన గంటకి అరవై వేగంతో తిరిగొచ్చింది. సగటు వేగం ఎంత? కింద జవాబు మెరుస్తోంది, యాభై.

చిన్న సారు పప్పులో కాలేశాడు. నలభై, అరవై కలిపి రెండుతో భాగించేశాడు. దారి ఒకటే గానీ పట్టిన సమయం ఒకటి కాదు కదా. నూట ఇరవై కిలోమీటర్ల దూరం అనుకోండి, వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి రెండు. మొత్తం రెండువందల నలభై కిలోమీటర్లు, అయిదు గంటలు. సగటు నలభై ఎనిమిది. ఏటా పిల్లలు ఈ గోతిలోనే పడతారు. ఏటా ఆవిడ ఇదే చోట దొంగని దాస్తుంది. ట్రైనింగులో ఉన్న ఆ ఏడాది ఈ పాఠం జరిగినన్ని రోజులూ వాడు జలుబుతో ఇంట్లో పడుకున్నట్టున్నాడు.

"ఏమైనా తప్పుందా టీచర్?" అన్నాడు.

ఆవిడ గుండె దడదడలాడింది. భయంతో కాదు, సంతోషంతో. ఈ క్లాసులో ఒక పిల్ల ఉంది. అందరూ దాన్ని సందేహం అంటారు. తెల్లారింది అంటే కిటికీ తెరిచి చూసుకుని గానీ ఒప్పుకోని రకం. కిందటి నెల ఈ బస్సు లెక్క నోటిలెక్కతోనే చేసి చెప్పింది. రేపు పెద్దావిడ ముందు సందేహం లేస్తుంది, ఇది తప్పు సార్ అంటుంది, ఎందుకని అడిగితే వీడు తెల్లమొహం వేస్తాడు. రెండోది ఉండదు మేడమ్ అన్నావు కదూ? ఉంటుందో ఉండదో నా పిల్లే చూపిస్తుంది నీకు.

"బాగుంది" అంది ఆవిడ. డబ్బా తీసుకుని మెట్లు దిగింది. ఒళ్ళు తేలిపోతోంది.

ఇంట్లో చెబితే అత్తగారు గుండీల డబ్బా పక్కన పెట్టి మళ్ళీ మొదట్నించీ చెప్పించుకుంది. "నువ్వేం చెయ్యలేదు కదా. ఊరుకున్నావంతే. భేషైన పని" అని మెచ్చుకుంది. కింద నుంచి భర్త మాత్రం, "అడిగాడు కదే, చెప్పాల్సింది" అన్నాడు. తల్లీ భార్యా ఇద్దరూ కసిరేసరికి మళ్ళీ మిషను తొక్కుకున్నాడు.

మర్నాడు క్లాసులో వెనకాల కుర్చీలు వేశారు. పై ఆఫీసు పెద్దావిడ వచ్చి కూర్చుంది. జుట్టు బిగించి కట్టుకున్న మనిషి, నవ్వు పొదుపు. పక్కన పెద్ద సారు. కిటికీ పక్కన గోడకానుకుని దొంగల టీచర్. ఆవిడ కట్టుకున్నది పెళ్ళిళ్ళకి కట్టుకునే చీర. పగ తీరే రోజు పండగ రోజే కదా.

పాఠం మొదలైంది. చిన్న సారు గొంతు మొదట్లో వణికింది, తరవాత సర్దుకుంది. ఏడెనిమిదులు యాభై నాలుగు రాగానే క్లాసు మొత్తం చేతులెత్తింది. ముందు బెంచీ వాడు వేలు పెట్టాడు. టింగుమంది. పెద్దావిడ కాస్త నవ్వింది.

బస్సు వచ్చింది. యాభై మెరిసింది.

ఆవిడ సందేహం వంకే చూస్తోంది. ఆ పిల్ల భృకుటి ముడిపడింది. పెన్సిలు తీసి బెంచీ మీదున్న చిత్తు కాగితం మీద ఏదో వేసింది. మళ్ళీ తెర చూసింది. మళ్ళీ వేసింది. మెల్లగా చెయ్యి పైకి లేచింది. అబ్బ, ఆ చెయ్యి లేస్తుంటే దొంగల టీచర్‌కి కలిగిన ఆనందం ఏం చెప్పమంటారు. లే తల్లీ, లే, వాడి పరువు గంగలో కలిపెయ్ అనుకుంది లోలోపల.

చిన్న సారు ఆ చెయ్యి చూడలేదు. పెద్దావిడ వైపు తిరిగి ఉన్నాడు. "మేడమ్, తరవాతి స్లయిడుకి వెళ్ళేముందు ఒక్క మాట చెప్పాలి. ఇన్నాళ్ళూ చెప్పలేదు, అది నా తప్పు. ఈ ఆట నాది కాదు. నాకిది నేర్పింది మా టీచర్, అదిగో, ఆ కిటికీ దగ్గరున్నారు. పుస్తకంలో వారి పేరు వెయ్యాల్సింది, వెయ్యలేదు. వారిని క్లాసులోంచి మార్చమని కూడా రాశాను. నిన్న సాయంత్రం అవన్నీ మనసులో పెట్టుకోకుండా ఈ స్లయిడ్లన్నీ వారే సరిచూసిపెట్టారు. బాగుంది అన్నారు. వారు బాగుందన్నాక ఇంక నాకు భయం లేదు."

ఎన్నేళ్ళుగానో వినాలని తపించిపోయిన మాట. పదిమందిలో, పై ఆఫీసు ముందు, వాడి నోటితో వాడే చెప్పాడు. అందరూ దొంగల టీచర్ వైపు తిరిగారు. సందేహం కూడా తిరిగింది.

ఆ పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. తెర వంక చూసింది. ఎత్తిన చెయ్యి దించేసింది. చిత్తు కాగితం మీద వేసింది కొట్టేసి, పక్కన ఇంకేదో రాసుకుంది.

ఇప్పుడైనా నోరు తెరవచ్చు. ఒక్క మాట చాలు. కానీ ఏమని? నిన్న చూసి ఊరుకున్నానని చెప్పాలా? ఇప్పుడే ఇంత మంచిమాట అన్నవాణ్ణి ఇప్పుడే ముంచాలా? అదిగాక, తప్పు బయటపడితే సరిచూసిన మనిషి ఎవరు? తానే. వాడి కోసం తవ్విన గోతి ఒడ్డున తన కాళ్ళే ఉన్నాయని అప్పటికి గాని ఆవిడకి తెలిసిరాలేదు. ఆవిడ చీర కొంగు సర్దుకుంది. తెర మీద స్లయిడు మారిపోయింది.

పాఠం అయ్యాక చప్పట్లు. పెద్దావిడ నేరుగా కిటికీ దగ్గరికి వచ్చింది. "మీలాంటి పెద్దవాళ్ళు అండగా ఉంటే మార్పు అదే వస్తుంది. ఈ క్లాసు మీ దగ్గరే ఉండాలి" అంది. "ఈ పాఠాలు ఇలాగే, ఒక్క అక్షరం మార్చకుండా, వచ్చే టర్మునుంచి అన్ని బళ్ళకీ పంపుతాం. కొత్త అచ్చులో మీ పేరు కూడా వేయిస్తాను." పెద్ద సారు మొహం వెలిగిపోయింది. చిన్న సారు వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆవిడ చప్పున వెనక్కి జరిగింది. అందరూ అది వినయం అనుకున్నారు.

గంట కొట్టారు. జనం మెట్లు దిగి వెళ్ళిపోయారు. క్లాసు ఆవిడదే. గది ఆవిడదే. పేరు కూడా ఆవిడదే కాబోతోంది. సందేహం ఒక్కతే ఇంకా పుస్తకాలు సర్దుకుంటోంది. ఆవిడ వెళ్ళి దాని పక్కన బెంచీ మీద కూర్చుంది. చిత్తు కాగితం అక్కడే ఉంది. నలభై ఎనిమిది మీద అడ్డంగా గీత. పక్కన యాభై.

"వేసి, ఎందుకు కొట్టేశావే?"

"మీరు సరిచూశారని సార్ చెప్పారు కదా టీచర్. మీరు చూశాక తప్పెలా ఉంటుంది? నేనే ఎక్కడో పొరపాటు పడ్డాననుకున్నా."

చిన్న సారు పుస్తకంలో పేరు దొంగిలించాడు, ఆట దొంగిలించాడు, సరే. కానీ ఈ పిల్ల తలలోంచి నలభై ఎనిమిదిని ఎత్తుకుపోయింది వాడు కాదు. కక్షంతా పోగేసుకుని విసరడానికి ఎదురుగా ఇంకెవరూ మిగల్లేదు.

"నీదే ఒప్పు" అంది చివరికి. "నలభై ఎనిమిదే. నిన్న నేను చూశాను. తప్పని తెలిసే బాగుంది అన్నాను."

సందేహం సంచీ ఒళ్ళో పెట్టుకుంది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. మామూలుగా, లెక్క అర్థం కానప్పుడు అడిగినట్టే అడిగింది.

"ఎందుకని టీచర్?"

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఏ పిల్ల ఏది అడిగినా ఆవిడ జవాబు చెప్పకుండా పంపలేదు. ఇప్పుడు మాత్రం ఆ పిల్ల ఒళ్ళో సంచీ తీసి దాని భుజానికి తగిలించింది.

"పొద్దుపోయింది, మీ అమ్మ ఎదురు చూస్తూంటుంది" అంది. "ఇంటికెళ్ళమ్మా."